ఇసుక పళ్ళెంలో మనసు



మన వీధిలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటున్నారంటే అందరికన్నా ముందు సంతోషించేది పిల్లలు. ఇంటి ముందు బండెడు ఇసుక దిగితే చాలు, బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి ఆ కుప్ప ఎక్కేస్తారు. పాదం మీద తడి ఇసుక కప్పి, తట్టి, మెల్లగా పాదం లాగేసి పిచ్చుకగూడు కడతారు. దాని పక్కన ఒక బావి, ఒక గుడి, పుల్లలతో కంచె. మనం గుమ్మంలో నిలబడి, "ఒళ్ళంతా ఇసుక చేసుకుంటున్నావు, ఇంక రా లోపలికి!" అని కేకేస్తాం. వాళ్ళకి మన కేక వినపడదు. ఆ కాసేపూ వాళ్ళు ఇంకో లోకంలో ఉంటారు.

ఆ లోకమేమిటో కూర్చుని చూసిన ఆడవాళ్ళు కొందరున్నారు. మాటల్లో చెప్పుకోలేని బాధను పిల్లలు ఇసుకలో చెప్పుకుంటారని కనిపెట్టి, దాన్ని ఒక వైద్యంగా మలిచినవాళ్ళు. ఇవాళ వాళ్ళ కథ చెప్పుకుందాం. అది మనోవైద్య చరిత్రలో ఒక పెద్ద శాఖ కథ. ఆ శాఖకు మూలపురుషుడు మగవాడే. కానీ దాన్ని పెంచి, తప్పులు దిద్ది, ఊరూరా తీసుకెళ్ళిన చేతుల్లో చాలా మటుకు గాజుల చేతులే.

మూలపురుషుడి పేరు కార్ల్ గుస్టావ్ యూంగ్. 1875లో స్విట్జర్లాండులో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. వైద్యం చదివి 1900లో జూరిచ్ నగరంలోని బుర్గ్‌హోల్జ్‌లీ అనే పెద్ద మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడ ఆయన చేసిన పరీక్ష ఒకటి చెప్తాను. వంద మాటల జాబితా తీసుకుని, ఒక్కొక్క మాటే రోగికి వినిపిస్తాడు. వినగానే మనసుకు తట్టిన మాట చెప్పాలి. ఎంతసేపటికి చెప్పారో గడియారంలో చూసుకుంటాడు. "నీళ్ళు" అంటే "చెరువు" అని టక్కున చెప్పే మనిషి ఇంకో మాట దగ్గర ఆగిపోతుంది, తడబడుతుంది, నవ్వేస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కడ లోపల ఏదో ముడి ఉందన్నమాట. మన ఇళ్ళల్లోనూ చూస్తూనే ఉంటాం కదా! గలగలా కబుర్లు చెప్పే అత్తగారు ఒక ఊరి పేరు ఎత్తగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆ ముడికే ఆయన కాంప్లెక్స్ అన్నాడు. ఇవాళ ఆ మాట మనమూ వాడేస్తున్నాం.

1907లో ఆయన వియన్నా వెళ్ళి ఫ్రాయిడ్‌ను కలుసుకున్నాడు. ఆ మొదటి రోజునే పదమూడు గంటలు మాట్లాడుకున్నారట. ఆరేళ్ళు గురుశిష్యుల్లా ఉండి 1913లో విడిపోయారు. మనిషి తనకే తెలియకుండా అణిచిపెట్టుకున్న కోరికలతో, జ్ఞాపకాలతో నిండినది అచేతన మనస్సు అన్నది ఫ్రాయిడ్ మాట. దానికి కింద ఇంకో పొర ఉంది, అది మనుషులందరికీ ఉమ్మడి, పురాణాలూ దేవతలూ పేదరాశి పెద్దమ్మ కథలూ అక్కడి నుంచే వస్తాయి అన్నది యూంగ్ మాట. ఆయన తన పద్ధతికి విశ్లేషణాత్మక మనస్తత్వశాస్త్రం అని పేరు పెట్టుకున్నాడు. రోగిని మంచం మీద పడుకోబెట్టి తాను వెనక కూర్చోకుండా, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని మాట్లాడాడు. కలలను మందు చీటీల్లా జాగ్రత్తగా చదివాడు.

ఫ్రాయిడ్‌తో విడిపోయాక ఆయన మనసే అతలాకుతలమైంది. అప్పుడేం చేశాడనుకున్నారు? చిన్నప్పుడు రాళ్ళతో ఇళ్ళు కట్టి ఆడుకున్న సంగతి గుర్తొచ్చి, ఇంటి పక్క సరస్సు ఒడ్డున రాళ్ళు ఏరి చిన్న ఊరు కట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆ పని. రోగులు వచ్చే వేళకు లేచేవాడు. నలభైకి దగ్గరపడ్డ పేరున్న డాక్టరు పిల్లాడిలా గుడి కట్టుకుంటూ కూర్చోవడం ఆయనకే సిగ్గనిపించిందట. కానీ అలా కట్టిన తర్వాతే లోపలి చిక్కు కొంచెం కొంచెం విడేదట. ఆ సరస్సు ఒడ్డు రాళ్ళను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వాటి దగ్గరికి వస్తాం.

ఇంతవరకూ గొప్ప చెప్పుకున్నాం. ఇప్పుడు ఒక తప్పు చెప్పుకోవాలి.

1904 ఆగస్టులో ఆ వైద్యశాలకు పద్దెనిమిదేళ్ళ రష్యా అమ్మాయిని తీసుకొచ్చారు. పేరు సబీనా స్పీల్‌రైన్. ఏడుపు, నవ్వు, ఒళ్ళు వంకర్లు పోవడం. యూంగ్ ఆ అమ్మాయితో రోజూ కూర్చుని మాట్లాడాడు. పది నెలల్లో తేరుకుని, ఆ ఊళ్ళోనే వైద్య కళాశాలలో చేరింది. 1911లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. నిన్న ఆ వైద్యశాలలో రోగి, ఇవాళ మనోవైద్యురాలు. మరుసటి ఏడు ఆవిడ రాసిన వ్యాసం, కొత్తది పుట్టాలంటే పాతది కొంత నశించాలన్న భావం మీద నడిచింది. ఫ్రాయిడ్ తరువాత కాలంలో తన పుస్తకంలో ఆవిడ ఆలోచనను గుర్తుచేసుకున్నాడు.

కానీ మధ్యలో ఒకటి జరిగింది. డాక్టరుకూ రోగికీ మధ్య ఉండవలసిన గీత యూంగ్ దాటాడు. ఎంతవరకు దాటాడన్నదాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు గానీ, దాటాడన్నది వాళ్ళ ఉత్తరాలే చెబుతాయి. ఆయనకు పెళ్ళయింది, పిల్లలున్నారు. సంగతి ఫ్రాయిడ్ దాకా పోయింది. రోగి వల్ల వైద్యుడి మనసులో లేచే అలజడికి ఫ్రాయిడ్ ఒక పేరు పెట్టి మొదటిసారి రాసింది ఈ గొడవ మీద 1909లో యూంగ్‌కు రాసిన ఉత్తరంలోనే. మనసుకు వైద్యం చేసేవాడు ముందు తన మనసును ఇంకొకరి ముందు విప్పి చూసుకోవాలని గట్టిగా చెప్పిన తొలివారిలో యూంగ్ కూడా ఉన్నాడు. ఇవాళ ఈ వృత్తిలో అది తప్పనిసరి నియమం. ఆ నియమం వెనక ఒక అమ్మాయి కన్నీళ్ళున్నాయి.

సబీనా తర్వాత ఏమైంది? జెనీవాలో పిల్లల మనసుల మీద పనిచేసింది. పిల్లల ఆలోచనల మీద పరిశోధనకు పేరుపడ్డ పియాజే కూడా ఆవిడ దగ్గర విశ్లేషణ చేయించుకున్నవాడే. 1923లో రష్యా తిరిగి వెళ్ళింది. 1942 ఆగస్టులో హిట్లరు సైన్యం రోస్తోవ్ నగరాన్ని పట్టుకుని అక్కడి యూదులను ఊరి బయట లోయ దగ్గరికి తరలించి చంపింది. వాళ్ళల్లో సబీనా, ఆవిడ ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత ఆవిడ పేరే ఎవరికీ పట్టలేదు. 1977లో జెనీవాలో ఒక భవనం నేలమాళిగలో ఆవిడ డైరీలు, ఉత్తరాలు దొరికాయి. 1980లో అవి ఇటలీలో పుస్తకంగా వచ్చాకే లోకానికి తెలిసింది. ముప్ఫై అయిదేళ్ళు ఒక పెట్టె తెరవకపోతే ఒక మనిషి లేనట్టే అయిపోయింది చూశారా!

ఇక ఆ ఇంటి ఇల్లాలి సంగతి. ఎమ్మా యూంగ్. బాగా కలిగినవాళ్ళ అమ్మాయి. చదువుకోవాలని ఎంతో కోరిక. ఆడపిల్లను, అందులో తమ హోదా గల ఇంటి పిల్లను, విశ్వవిద్యాలయానికి పంపడం బాగుండదని తండ్రి ఒప్పుకోలేదు. 1903లో పెళ్ళి. అయిదుగురు పిల్లలు. భర్త నిశ్చింతగా పరిశోధనలు చేసుకోగలిగాడంటే ఆవిడ పుట్టింటి ఆస్తి ఒక కారణం. భర్తకూ ఫ్రాయిడ్‌కూ చెడుతోందని గ్రహించి, 1911లో తానే ఫ్రాయిడ్‌కు ఉత్తరాలు రాసి సర్దిచెప్పబోయింది. భర్తకు టోనీ వోల్ఫ్ అనే సహచరితో ఉన్న అనుబంధం ఆ ఇంట్లో రహస్యం కాదు. ఆ టోనీ కూడా మొదట రోగిగా వచ్చి, తర్వాత పేరున్న విశ్లేషకురాలైనావిడే. ఎమ్మా మనసు ఎంత నలిగిందో ఊహించుకోవడం మనకు కష్టం కాదు.

అయినా ఆవిడ అక్కడే ఆగిపోలేదు. పిల్లలు పెద్దవాళ్ళవుతుంటే లాటిన్, గ్రీకు భాషలు నేర్చుకుంది. 1916లో జూరిచ్‌లో మొదలైన మనస్తత్వ సంఘానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. స్త్రీ మనసులో దాగి ఉండే పురుష స్వభావం గురించి 1931లో ఆ సంఘంలోనే ప్రసంగించింది. తరవాత తానే రోగులను చూడసాగింది. యూరపులో ఒక పాత కథ ఉంది. ఒక పవిత్రపాత్ర, దాన్ని కాపాడే గాయపడ్డ రాజు. ఆ రాజు ఇంటికి ఒక కుర్రవాడు అతిథిగా వెళ్తాడు. రాజు మూలుగుతుంటే చూస్తాడు. అడిగితే ఏమనుకుంటారోనని మర్యాద కోసం నోరు మెదపడు. ఏమిటి మీ బాధ అని ఒక్క మాట అడిగి ఉంటే రాజు గాయం మానేది, ఎండిన రాజ్యం పచ్చబడేది. అడగనందుకు ఎన్నో ఏళ్ళు తిరగవలసి వస్తుంది. ఎమ్మా ఈ కథ మీద దాదాపు ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. పుస్తకం పూర్తికాకుండానే 1955లో కన్నుమూసింది. మేరీ లూయిస్ ఫాన్ ఫ్రాంజ్ అనే శిష్యురాలు దాన్ని పూర్తిచేసి 1960లో అచ్చువేయించింది.

ఇంకో మాట. ఎమ్మా బతికి ఉండగా స్విట్జర్లాండు ఆడవాళ్ళకు దేశ ఎన్నికల్లో ఓటు లేదు. వాళ్ళకు ఆ హక్కు వచ్చింది 1971లో. మన నాయనమ్మలు 1951–52లోనే వేలికి సిరా పెట్టించుకున్నారు.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. పిల్లవాడు అన్నం సరిగ్గా తినకపోయినా, పక్క తడిపినా, బడికి వెళ్ళనని మొరాయించినా చుట్టాలందరూ ఎవరివైపు చూస్తారు? తల్లివైపు. యూంగ్ కూడా కొంత అలాగే అన్నాడు. తల్లిదండ్రులు బతకలేకపోయిన బతుకు పిల్లల మీద పడుతుంది, కనుక ముందు వాళ్ళనే చూడాలి అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ మాటనే పట్టుకుని కూర్చుంటే పిల్లవాడికి సొంత మనసంటూ ఒకటుందని మరిచిపోతాం, తల్లి జీవితాంతం ముద్దాయిగా నిలబడాలి.

దీన్ని కాదన్నవాడు లండన్ డాక్టరు మైకేల్ ఫోర్డ్‌హామ్. యూంగ్ రచనల సంపుటాలను ఇంగ్లీషులో ప్రచురించిన సంపాదకుల్లో ఆయన ఒకడు. గురువుగారి మీద అంత భక్తి ఉన్నా, పిల్లలతో ఏళ్ళ తరబడి కూర్చున్నాక తాను చూసినదే రాశాడు. పసిగుడ్డుకు కూడా పుట్టుకతోనే తనదైన ఒక నిండు స్వభావం ఉంటుంది, అది తల్లి వైపు విచ్చుకుంటుంది, మళ్ళీ ముడుచుకుని సర్దుకుంటుంది, అలా పెరుగుతుంది అన్నాడు. బిడ్డ ఆకలికి ఏడ్చి, పాలు తాగి, నిద్రపోవడం చూసిన మనకు ఇది కొత్త కాదు. శాస్త్రానికి మాత్రం అప్పుడు కొత్త. లండన్‌లో ఆయనా మిత్రులూ కలిసి సంఘం పెట్టారు. 1955 నుంచి ఈ శాఖకు ఒక పత్రిక నడుస్తోంది, దానికి మొదటి సంపాదకుడు ఆయనే.

అదే లండన్‌లో అంతకుముందే ఒక పిల్లల డాక్టరమ్మ ఉంది. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక పోలండులో సహాయ పనులు చేసి, యుద్ధం చూసిన మనుషులనూ పిల్లలనూ దగ్గరగా చూసింది. అంత చూసిన పిల్లలు మాటల్లో ఏం చెప్పగలరు? 1928లో లండన్‌లో పిల్లల కోసం వైద్యశాల తెరిచింది. తాను చదివిన ఒక పుస్తకం ఆవిడ మనసులో ఉండిపోయింది. కథలు రాసే వెల్స్ తన ఇద్దరు కొడుకులతో నేల మీద బొమ్మలు పరిచి ఆడిన ఆటల గురించి 1911లో రాసిన పుస్తకం అది. ఆవిడ ఒక అలమరా నిండా చిన్న చిన్న బొమ్మలు పెట్టింది. ఇళ్ళు, చెట్లు, ఆవులు, సైనికులు. పక్కన ఇసుక పోసిన రేకు పళ్ళెం, నీళ్ళు. పిల్లలు బొమ్మలు తీసుకెళ్ళి ఇసుకలో పెట్టుకున్నారు. బొమ్మల అలమరాకు "లోకం" అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. ఆ పద్ధతికి ఆ పేరే స్థిరపడింది.

ఇక మన కథానాయిక. డోరా కాల్ఫ్. 1904లో స్విట్జర్లాండులో పుట్టింది. పెళ్ళి చేసుకుని హాలెండు వెళ్ళింది. యుద్ధం రోజుల్లో ఆ దేశం వదిలి పుట్టింటి దేశం చేరుకుంది. ఇద్దరు కొడుకులను పెంచుకుంటూ ఒక కొండ ఊళ్ళో ఉండేది. యూంగ్ కూతురు పిల్లలతో సెలవులకు ఆ ఊరు వచ్చేది. తన పిల్లలు డోరా ఇంటికి వెళ్ళి వచ్చిన రోజున ఎంత హాయిగా ఉంటారో ఆ తల్లి గమనించింది. "మీ దగ్గర ఏదో ఉంది, మా నాన్నగారిని కలవండి" అన్నదట. అలా నలభై దాటాక, 1949లో, జూరిచ్‌లో అంతకు ముందు ఏడే వెలసిన యూంగ్ సంస్థలో విద్యార్థినిగా చేరింది డోరా. ఆరేళ్ళ చదువు. ఆవిడ తన మనసు విప్పుకున్నది ఎవరి దగ్గరనుకున్నారు? ఎమ్మా యూంగ్ దగ్గరే.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోవడం డోరాకు అడ్డువచ్చింది. చదువు పూర్తిచేసినా విశ్లేషకురాలిగా గుర్తింపు అంత సులువుగా దొరకలేదు. ఆవిడ కుంగిపోలేదు. 1956లో లండన్ వెళ్ళి లోవెన్‌ఫెల్డ్ దగ్గర ఏడాది నేర్చుకుంది. ఫోర్డ్‌హామ్‌నూ కలిసింది. తిరిగి వచ్చి జూరిచ్ పక్కన జోలికాన్‌లో తన పాత ఇంట్లోనే ఇసుక పళ్ళేలు పెట్టింది.

ఆ పళ్ళెం గురించి కొంచెం చెప్పాలి. పొడుగు 72 సెంటీమీటర్లు, వెడల్పు 57, లోతు 7. కొలతలు అంత ఖచ్చితంగా ఎందుకంటే, ముందు నిలబడ్డ పిల్లవాడికి తల తిప్పకుండా మొత్తం ఒక్క చూపులో కనపడాలి. లోపలంతా నీలం రంగు. ఇసుక తోస్తే కింద చెరువో సముద్రమో కనపడుతుంది. ఒక పళ్ళెంలో పొడి ఇసుక, ఒకదానిలో తడి ఇసుక. గోడల నిండా బొమ్మలు. మన బొమ్మల కొలువులో ఉన్నట్టే పెళ్ళికూతురూ ఉంటుంది, పులీ ఉంటుంది, రైలుబండీ ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఏది ఏ మెట్టు మీద పెట్టాలో పెద్దవాళ్ళు చెప్పరు.

డాక్టరమ్మ పక్కన కూర్చుంటుంది. అంతే. "ఇదేమిటి, అదెందుకు పెట్టావు" అని గుచ్చి గుచ్చి అడగదు. అర్థాలు చెప్పదు. బాగుందనదు, బాగాలేదనదు. పిల్లవాడు వెళ్ళిపోయాక ఆ ఇసుక చిత్రానికి ఫొటో తీసి, అప్పుడు బొమ్మలు సర్దుతుంది. అతని ముందు దాన్ని చెరపదు. వారాలు, నెలలు గడుస్తాయి. మొదట్లో అంతా యుద్ధం, బొమ్మలన్నీ ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. క్రమంగా ఒక దారి పడుతుంది, ఒక వంతెన లేస్తుంది, మధ్యలో ఒక గుండ్రని చోటు ఏర్పడుతుంది. స్వేచ్ఛ ఉండాలి, దానికి రక్షణా ఉండాలి, రెండూ ఉన్న చోట మనసు తన గాయం తానే మాన్పుకుంటుంది అన్నది డోరా సిద్ధాంతం. ఇందులో ఎవరినీ ముద్దాయిని చెయ్యనక్కరలేదు, తల్లిని కూడా. సరస్సు ఒడ్డున రాళ్ళతో ఊరు కట్టుకున్న డాక్టరుగారి ఆట ఇలా ఒక వైద్య పద్ధతిగా మళ్ళీ పుట్టింది. 1966లో ఆవిడ పుస్తకం వచ్చింది. 1985లో ఆవిడ స్థాపించిన అంతర్జాతీయ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. 1990లో ఆవిడ పోయారు.

జూరిచ్‌లో చదువుకుంటున్న హయావో కవాయి అనే జపాను ఆయన ఈ ఇసుక పళ్ళెం చూసి తన దేశానికి సరిగ్గా సరిపోతుందనుకున్నాడు. అక్కడ పళ్ళెంలో చిన్న తోట అమర్చుకునే అలవాటు వెనకటి నుంచీ ఉంది. మనసులోది పైకి చెప్పుకోవడం అంత అలవాటు లేని మనుషులు. 1965లో విశ్లేషకుడిగా పట్టా పుచ్చుకుని వెళ్ళి ఈ పద్ధతి మొదలుపెడితే జపాను నిండా పాకిపోయింది. తర్వాతి కాలంలో ఆయన ఆ దేశపు సాంస్కృతిక శాఖకు అధిపతి అయ్యాడు.

ఇక అట్లాంటిక్ సముద్రం ఆవలి ఒడ్డున, బ్రెజిల్ దేశంలో ఒక డాక్టరమ్మ కథ చెప్పి ముగిస్తాను. నీజి ద సిల్వేరా. 1905లో పుట్టింది. వైద్య కళాశాలలో ఆవిడ తరగతి అంతా మగపిల్లలే, ఆడపిల్ల ఆవిడ ఒక్కతే. గదిలో కమ్యూనిస్టు పుస్తకాలున్నాయని 1936లో జైల్లో పెట్టారు. ఏడాది దాటాక వదిలారు. 1944లో మళ్ళీ రియో నగరంలో పెద్ద పిచ్చాసుపత్రిలో ఉద్యోగం. అప్పుడక్కడ కరెంటు షాకు ఇవ్వడం మామూలు. ఇవాళ మత్తు ఇచ్చి, జాగ్రత్తగా, అవసరమైనవాళ్ళకే చేసే పద్ధతి వేరు, ఆనాటిది వేరు. తోటి డాక్టరు ఒక రోగికి మీట నొక్కి చూపించి, "తర్వాతి వాడికి మీరు నొక్కండి" అన్నాడట. "నేను నొక్కను" అంది.

నొక్కనన్నందుకు, ఎవరికీ పట్టని పనుల విభాగానికి వెళ్ళింది. అక్కడ రోగుల చేత గదులు ఊడ్పించడం, కడిగించడం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. 1946లో ఆవిడ అక్కడ కుట్టుపని, పుస్తకాలు కుట్టడం, బంకమట్టి, రంగులు పెట్టించింది. ఏళ్ళ తరబడి నోరు విప్పని మనుషులు బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. అడెలినా గోమెస్ అనే అమ్మాయి కథ విన్నారా! పద్దెనిమిదేళ్ళకు ఒక అబ్బాయిని ఇష్టపడింది. తల్లి వద్దంది. ఈ పిల్ల మాట్లాడకుండా లోలోపలికి ముడుచుకుపోయి, ఒకరోజు ఇంట్లో పెంచుకున్న పిల్లి గొంతు నులిమేసింది. 1937లో ఆసుపత్రిలో పడేశారు. రంగులు చేతికి వచ్చాక ఆ అమ్మాయి పూవుగా మారిపోయిన స్త్రీలను వేసింది, ఒకటి కాదు, ఎన్నో. ప్రేమించినవాడి నుంచి పారిపోతూ చెట్టుగా మారిన కన్య కథ గ్రీకు పురాణంలో ఉంది. ఈ అమ్మాయికి ఆ కథ ఎవరూ చెప్పలేదు. నీజి ఆ బొమ్మల్లో ఆ పోలిక చూసింది. పిచ్చి కేకలని అందరూ అనుకున్నచోట ఒక అర్థం వినిపించింది.

చాలామంది రోగులు గుండ్రని చిత్రాలు వేసేవారు, మధ్యలో బిందువు, చుట్టూ రేకులు. ముక్కలైన మనసులోంచి ఇంత పొందికైన ముగ్గులాంటి బొమ్మ ఎలా వస్తుంది? 1954లో ఆవిడ ఫొటోలతో యూంగ్‌కు ఉత్తరం రాసింది. యూంగ్ కూడా ఒకప్పుడు తన కలత రోజుల్లో అటువంటివే వేసుకున్నాడు. వాటికి ఆయన వాడిన మాట మన సంస్కృతం మాటే, మండలం. 1938లో ఆయన కలకత్తాలో జరిగిన సైన్సు మహాసభల కోసం మన దేశం కూడా వచ్చి వెళ్ళాడు. చెదిరిన మనసు తనను తాను కూడగట్టుకునే ప్రయత్నమే ఆ వలయం అని ఆయన నమ్మకం. 1957లో జూరిచ్‌లో ప్రపంచ మనోవైద్యుల మహాసభ జరిగినప్పుడు ఆ రోగుల చిత్రాలను అక్కడ ప్రదర్శిస్తే, ప్రారంభించింది ఎనభై రెండేళ్ళ యూంగే. రియోలో ఆవిడ 1952లో పెట్టిన మ్యూజియంలో ఇప్పుడు మూడు లక్షలకు పైగా చిత్రాలున్నాయి. వీధికుక్కలను, పిల్లులను కూడా ఆవిడ తన సహవైద్యులనేది. మనిషిని దగ్గరకు రానివ్వని రోగి కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకునేవాడు మరి!

యూంగ్ 1961లో పోయాడు. తరువాత ఆయన శాఖ ఆగలేదు. ఇవాళ ఈ పద్ధతిలో శిక్షణ పొందిన విశ్లేషకులు ప్రపంచమంతటా మూడు వేలకు పైగా ఉన్నారు. ఆయన చెప్పినవన్నీ వేదవాక్కులని వాళ్ళు అనుకోవడం లేదు. స్త్రీ అంటే ఇలా, పురుషుడంటే ఇలా అని ఆయన గీసిన గీతలు చాలామంది చెరిపేశారు. నల్లజాతివారి గురించి ఆయన రాసిన కించపరిచే మాటలకు ఈ శాఖవారే కొందరు 2018లో బహిరంగ లేఖ రాసి తప్పు ఒప్పుకున్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకూ జవాబు వెతుకుతున్నారు. 2013లో జర్మనీకి చెందిన క్రిస్టియన్ రోస్లర్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కూడగట్టి చూశాడు. సగటున తొంభైసార్లు కూర్చున్నాక రోగుల బాధ తగ్గిందనీ, వైద్యం ఆపేశాక కూడా ఆ మేలు నిలిచిందనీ తేలింది. అయితే మందులకు చేసినట్టు రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇచ్చి ఇంకో జట్టుకు ఇవ్వకుండా పోల్చి చూసిన పరీక్షలు అప్పటికి లేవు. ఆ లోటును ఆయన దాచలేదు.

సోదరీమణులారా, ఇదంతా విని ఇంట్లో ఒక పళ్ళెంలో ఇసుక పోసి పిల్లాడి మనసు చదివేద్దామని కూర్చోకండి. అది ఏళ్ళ తరబడి నేర్చుకోవలసిన విద్య. పిల్లవాడు వారాల తరబడి నిద్రపోకపోతే, తినకపోతే, మాట మానేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నలుగురూ ఏమనుకుంటారోనని ఆగకండి. మీకే అలా ఉన్నా అంతే.

కానీ ఈ కథలో మనం పట్టుకెళ్ళవలసింది ఒకటి ఉంది. పాత కథలో కుర్రవాడు మర్యాదకు పోయి అడగలేకపోయాడు. సబీనాను అడిగినవాడు గీత దాటాడు. డోరా, నీజి అడిగిన తీరు వేరు. పక్కన కూర్చున్నారు, తొందరపెట్టలేదు, తీర్పు చెప్పలేదు. జవాబు ఇసుకలో వచ్చినా, రంగుల్లో వచ్చినా తీసుకున్నారు. ఆ ఓపిక మనకు తెలియనిది కాదు. జ్వరం పిల్లవాడి పక్కన రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చునేది మనమే కదా!

రేపు సాయంకాలం మీ వాడు ఇసుక కుప్ప ఎక్కినప్పుడు కేకెయ్యడానికి ముందు రెండు నిమిషాలు గుమ్మంలో నిలబడి చూడండి. ఏం కడుతున్నాడో చూడండి. కాళ్ళు తరవాత కడగవచ్చు.

సెలవు.